మోకు ఎవరి చేతిల ఉన్నది?

సెల్‌టవర్ పనికని ట్రైనింగ్‌కు పోయిన అల్లుడు మూడో రోజుకే బ్యాగు సర్దుకుని ఏర్గట్లకు వచ్చేశాడు. నలభై మెట్ల దాకా బాగానే ఎక్కాడట. ఆ తర్వాత చేతులు నిచ్చెనను వదల్లేదు. పైకి పోలేడు, కిందికి దిగలేడు. చివరికి ఇద్దరు ఎక్కి వచ్చి, ఒక్కో వేలూ విడదీసి దింపారు.

మేనమామ గీత కార్మికుడు. ముప్పై అయిదేళ్లుగా పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి నడుముకు మోకు తాడు వేసుకుని అరవై డెబ్బై అడుగుల తాటిచెట్లు ఎక్కి దిగుతున్న మనిషి. అల్లుడికి ఎవరి దగ్గర కూర్చోవాలో తెలుసు, ఎవరి దగ్గర కూర్చోవాలంటే సిగ్గో కూడా తెలుసు. రెండూ ఒకరే కావడమే చిక్కు.

ఈ ఇద్దరికీ ఇక్కడ పేర్లు పెట్టడం లేదు. ఆర్మూరు, మోర్తాడ్ వైపు ఏ ఊళ్లో చూసినా ఇలాంటి మామ, ఇలాంటి అల్లుడు దొరుకుతారు. ఆ రెండు తరాల మాటల్ని ఒక కల్లం దగ్గర కూర్చోబెట్టాం, అంతే. 2016 అక్టోబర్‌లో మండలమైన ఏర్గట్లలో ఫిబ్రవరి అంటే పసుపు కాలం. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం, డ్రమ్ములో వేసి తిప్పడం, ఆపైన నిజామాబాద్ యార్డుకు తోలడం. కల్లం మీద మాట ఎక్కడ మొదలైనా చివరికి ధర దగ్గరికో, 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చిన పసుపు బోర్డు దగ్గరికో చేరుతుంది. ఆ మాపు మాత్రం చేరలేదు.

"భయమంటేనే ఒక అబద్ధం మామా," అన్నాడు అల్లుడు. తిరిగొచ్చిన వారం రోజుల్లో వాడు చాలా చదివాడు. ఓడిపోయి వచ్చినవాళ్లు చదివే తీరులో, తనకు కావలసిన వాక్యం కోసం వెతుక్కుంటూ చదివాడు. "వెయ్యేండ్ల కింద బుఖారా దిక్కు ఇబ్న్ సీనా అని ఒక పెద్ద వైద్యుడుండె. ఆయన ఏమంటడంటే, ఒక పలక తీసి నేల మీద వెయ్యి, ఎవ్వలైనా నడుస్తరు. గదే పలక లోయ మీద వెయ్యి, కాలు పడది. పలక గదే, కాలు గదే. మధ్యల మారింది మనసు ఒక్కటే. పడ్డట్టు మనసుల బొమ్మ గీసుకుంటది, ఒళ్లు దాని మాట ఇంటది."

మామ ఒక పసుపు కొమ్మును విరిచి చూశాడు. ఎండింది.

"పలక మారలే గని, కింద ఉన్నది మారింది గద. నేల మీద కాలు తప్పితే నవ్వుతరు. లోయల తప్పితే ఏడుస్తరు. గా తేడా తెలిసినోనికి భయమైతది. గది అబద్ధమెట్లయితది?"

"కానీ ఆ భయంతోనే కాలు తప్పుతది గద."

"గది ఒప్పుకుంట."

వాదంలో ఇది సగం గెలుపే, కానీ మామదే. ఇబ్న్ సీనా చెప్పదలచింది భయం అబద్ధమని కాదు, మనసులో మెదిలిన బొమ్మ శరీరాన్ని నడిపించగలదని. అల్లుడు దాన్ని తనకు అనువుగా కొంచెం వంచాడు. చదువుకున్నవాళ్లకు ఈ అలవాటు ఉంటుంది.

అయితే వాడి దగ్గర మరో సంగతి ఉంది, ఇది మామకూ కొత్తదే. నిలబడిన మనిషి నిజానికి ఎప్పుడూ నిశ్చలంగా ఉండడు, సన్నగా ఊగుతూనే ఉంటాడు. ఆ ఊగుడును చెవిలోని తూకపు అవయవం, పాదాలు, కళ్లు కనిపెట్టి సరిచేస్తుంటాయి. కళ్లు ఆ పని చేయాలంటే దగ్గరలో కదలని వస్తువు ఏదైనా ఉండాలి. మనం ఇటు ఒరిగితే అది అటు జరిగినట్టు కనిపిస్తుంది, ఒళ్లు సర్దుకుంటుంది. ఎత్తయిన అంచున నిలబడితే చూపుకు ఆనేవన్నీ దూరంలోనే ఉంటాయి. మనం ఎంత ఊగినా అవి జరిగినట్టే అనిపించదు. చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది, తల తిరుగుతుంది. జర్మన్ నరాల వైద్యుడు థామస్ బ్రాంట్, ఆయన తోటివాళ్లు 1980లో ఈ లెక్క తేల్చారు. ఎత్తుకు పోతే ఎంతో కొంత ఇబ్బంది పడేవాళ్లు పెద్దల్లో నలుగురికి ఒకరికంటే ఎక్కువేనని తర్వాతి సర్వేలు చెప్పాయి.

"అంటే నీకు తల తిరగకపోవుడు నీ గుండె ధైర్యం గాదు మామా," అన్నాడు అల్లుడు, కాస్త కసిగానే. "నీ కండ్ల ముందట మూరెడు దూరంల చెట్టున్నది. మోకు నిన్ను దానికే కట్టేసింది. నువ్వు ఎత్తు చూస్తలేవు, బెరడు చూస్తున్నవు."

మామ నొచ్చుకోలేదు. నవ్వాడు. నవ్వి, ఎవరికీ చెప్పని మాట ఒకటి బయటపెట్టాడు. ఎన్నడో నిజామాబాద్ ఎగ్జిబిషన్‌లో పిల్లల పోరు పడలేక జెయింట్ వీల్ ఎక్కాడట. పైకి పోయి ఆగిన ఆ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, గీత కార్మికులు కొలిచే కాటమయ్యకు మొక్కుకున్నాడట. చెట్టు కన్నా అది ఎక్కువ ఎత్తేమీ కాదు.

"ఎందుకు భయమైంది మరి?"

"మోకు నా చేతిల లేదు. గా చక్రం తిప్పెటోడు కింద బీడీ కాలుస్తున్నడు."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎత్తు భయాన్ని గురించి రాసేవాళ్లు సాధారణంగా ఎత్తును గురించి రాస్తారు, భయపడే మనసును గురించి రాస్తారు. ఆ రెంటి మధ్యా ఉన్న తాడును గురించి రాయరు. తాడు ఎవరు పేనారు, ఎవరు ముడి వేశారు, ఎవరు పట్టుకున్నారు? మామకు తాటిచెట్టు మీద ఈ మూడింటికీ జవాబు ఒకటే, తనే. చక్రం మీద ఒక్కదానికీ జవాబు లేదు.

అల్లుడు మాట మార్చాడు, కానీ ఎక్కువ దూరం పోలేదు. పసిపిల్లల మీద చేసిన పరీక్షల సంగతి ఎత్తాడు. 1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు బల్ల మీద మందపాటి అద్దం పరిచి, ఒక సగం కింద నేల చాలా లోతున కనిపించేలా చేశారు. ఆరు నుంచి పద్నాలుగు నెలల పిల్లలను నడిమి పలక మీద కూర్చోబెట్టి తల్లితో పిలిపించారు. కదిలిన పిల్లలు 27 మందిలో లోతు కనిపించే వైపు పోయినవాళ్లు ముగ్గురే. అయితే భయం పుట్టుకతోనే వస్తుందన్నమాట అనుకోబోతే, మరికొన్నేళ్లకు జోసెఫ్ క్యాంపోస్ ఇంకొకటి చూపించాడు. ఇంకా పాకడం రాని పిల్లలను ఆ లోతు మీద పడుకోబెడితే గుండె దడదడలాడదు, నెమ్మదిస్తుంది. వింతగా చూస్తారంతే. పాకడం మొదలై కొన్ని వారాలు గడిచాకే జంకు వస్తుంది.

"1985ల ఇంకో పరీక్ష చేసిన్రు మామా. ఏడాది పిల్లలు. లోతు అటు ఎక్కువా గాదు, ఇటు తక్కువా గాదు, జానెడున్నర ఉంటదేమో. పోవాల్నా వద్దా అని పిల్లకు అనుమానం వచ్చేటంత. అటు దిక్కు తల్లి నిలబడుతది. నోరు మెదపది. తల్లి మొఖం నవ్వుతుంటే 19 మందిల 14 మంది దాటిన్రు. భయపడ్డట్టు మొఖం పెడితే 17 మందిల ఒక్కలు గూడ దాటలే."

మామ చాలాసేపు మాట్లాడలేదు. డ్రమ్ము తిప్పే మోటారు ఆగినట్టుంది, కల్లం ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"మీ అమ్మ పదేండ్ల పిల్లగున్నప్పుడు మా నాయిన చెట్టు మీదికెళ్లి పడ్డడు," అన్నాడు చివరికి. "అక్క కిందనే ఉండె. సద్ది పట్కపోయింది. నేను చిన్నోన్ని, నాకు ఎర్క లేదు. గందుకే నేను ఎక్కిన. చూసినది గనుక ఆమె నిన్ను దర్వాజ గడప గూడ ఎక్కనియ్యలే."

వాడి వేళ్లు ఆ నిచ్చెనను ఎందుకు వదల్లేదో, ఎవరి ముఖం చూసి వదల్లేదో వాడికి అప్పుడు తెలిసినట్టుంది. తెలిసినంత మాత్రాన వేళ్లు వదులుతాయా అంటే, అది వేరే ప్రశ్న.

మలావత్ పూర్ణ ప్రస్తావన రాకుండా ఈ జిల్లాలో ఎత్తు గురించి మాట్లాడటం కుదరదు. ఇదే నిజామాబాద్ జిల్లా పాకాల. కూలి చేసుకునే లంబాడా తల్లిదండ్రుల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. 2014 మే 25న, పద్నాలుగో ఏడు ఇంకా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ ఆమెకు తోడు. పదహారేళ్ల లోపు వాళ్లను నేపాల్ అనుమతించదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. భువనగిరి కోట బండ దగ్గర శిక్షణ మొదలైన రోజు ఆ రాతిని చూసి కాళ్లు వణికాయని ఆమే తర్వాత చెప్పింది. 2022లో డెనాలీ ఎక్కడంతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తయ్యాయి.

"ఆమెను చూడు," అన్నాడు అల్లుడు, తనను తానే దెప్పుకుంటున్నట్టు. "పదమూడేండ్లు."

"ఆమె తాడు ఎవలు కట్టిన్రు?"

మామకు ప్రశ్న ఒకటే ఉన్నట్టుంది, దాన్నే తిప్పి తిప్పి అడుగుతున్నాడు. కానీ జవాబు మాత్రం ప్రతిసారీ మారుతోంది. భువనగిరిలో ఆమె తాడు కోచ్ శేఖర్‌బాబు బృందం చేతిలో ఉంది. ఆ పిల్లలను అక్కడికి పంపే సాహసం అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ చేశాడు. ఎవరెస్ట్ మీద ముందుగా పోయినవాళ్లు బిగించి ఉంచిన తాళ్లు పట్టుకుని మిగతావాళ్లు ఎక్కుతారు. ఆ సీజన్‌లోనే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది కొండ కూలీలు చనిపోయారు. శిఖరం ఎక్కినవాళ్ల పేర్లు మనకు నోటికొస్తాయి. చనిపోయిన ఆ కూలీల పేర్లు రావు.

అక్కడి నుంచి మాట చికిత్సల మీదికి మళ్లింది. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పీ 1958లో అచ్చేసిన పద్ధతి ప్రకారం, భయానికి మెట్లు కట్టాలి. కింది మెట్టు మీద మనసు కుదుటపడ్డాకే పై మెట్టు. మామకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. "మొదలు ఈతచెట్టు, తర్వాత పొట్టి తాటిచెట్టు, తర్వాత పెద్ద తాటిచెట్టు. మాకు నేర్పింది గట్లనే గద." జర్మన్ కవి గోథే విద్యార్థిగా ఉన్నప్పుడు స్ట్రాస్‌బర్గ్ చర్చి గోపురం మళ్లీ మళ్లీ ఎక్కి, పైన ఇరుకు జాగాలో నిలబడి తల తిరుగుడు పోగొట్టుకున్నాడంటే మాత్రం ఒప్పుకోలేదు. "గది మొండితనం." ఇక 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కళ్లకు వర్చువల్ రియాలిటీ అద్దాలు పెట్టి, లేని భవనం ఎక్కించి, రెండు వారాల్లో భయాన్ని సగటున 68 శాతం తగ్గించారని విన్నప్పుడు పగలబడి నవ్వాడు. చెట్టు లేకుండా చెట్టెక్కడం ఆయనకు ఆ నెలలో దొరికిన పెద్ద హాస్యం.

నవ్వు ఆగాక అడిగాడు. "టవర్ కాడ నీకు బెల్టు ఇయ్యలేదా?"

"ఇచ్చిన్రు. మంచి బెల్టే."

"గుంజి చూసినవా?"

"లేదు. వాళ్లే కట్టిన్రు, వాళ్లే క్లిప్పు పెట్టిన్రు."

"ఎందుకు చూడలే?"

అల్లుడు పట్టా అంచును వేలితో మడుస్తూ కూర్చున్నాడు. "సిగ్గైంది. అందరు గబగబ ఎక్కుతున్నరు. నేను ఒక్కన్ని గుంజి చూస్తే భయపడ్డడు అనుకుంటరని."

భయపడటం కన్నా భయపడినట్టు కనబడటం వాడికి పెద్ద భయమైంది. ఆ రెండో దాన్ని దాచడానికి మొదటిదానికి పెట్టాల్సిన పని పెట్టలేదు. మామ రోజూ చెట్టు మొదట్లో నిలబడి మోకును మూడుసార్లు గుంజుతాడు, గుజిని తడిమి చూస్తాడు. ఊళ్లో దాన్ని అలవాటంటారు, ఒడుపంటారు, భక్తి అని కూడా అంటారు. అల్లుడు మాత్రం, ఆ రోజు మొదటిసారి, దానికి దాని అసలు పేరు పెట్టాడు.

"గట్ల గుంజుడు భయమే గద మామా."

మామ కాదనలేదు. పడ్డవాళ్లలో కొత్తవాళ్లు తక్కువని ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్లు ఎక్కి, ఒకనాడు గుంజకుండా ఎక్కినవాళ్లు ఉన్నారు.

"అయితే గది ఎందుకు గోడకు ఏలాడుతున్నది?" అని అల్లుడు అడిగింది కల్లం పక్క కొట్టంలోని కిట్టు సంచిని చూపించి. గీత కార్మికుల చావులు ఆపడానికని 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రభుత్వం కాటమయ్య రక్ష కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్లు వాడే తరహా బెల్టు, తాళ్లు, క్లిప్పులు. జారినా మనిషి చెట్టుకు వేలాడతాడు గానీ నేలకు రాడు. మామకూ ఒకటి ఉంది. ఎక్కినప్పుడల్లా తగిలించుకోవాలంటే యాష్టని, పొద్దెక్కిపోతుందని ఆయన ఎప్పుడూ చెప్పే కారణాలు చెప్పాడు. అల్లుడు కదలకుండా వింటూ కూర్చునేసరికి అసలుది కూడా వచ్చింది.

"ముప్పై అయిదేండ్లు ఎక్కినోడు ఇప్పుడు గది ఏసుకుంటే ఏమంటరు? ముసలోడు భయపడ్డడు అంటరు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత జరిగింది కొంచెం విడ్డూరం. ట్రైనింగ్‌లో మూడు రోజులున్న అల్లుడు మామకు బెల్టు తొడిగి, పట్టీలు బిగించి, ఏ క్లిప్పు ఎక్కడో చూపించాడు. మామ మోకు తీసుకొచ్చి పొలం ఒడ్డు మీది పొట్టి ఈతచెట్టుకూ అల్లుడి నడుముకూ వేశాడు.

"గుంజి చూడు."

వాడు గుంజాడు.

"ఇంకోపారి."

మళ్లీ గుంజాడు. ఎక్కాడు. నిలువెత్తు దాటి ఇంకో మూరెడు. మోకు మీదికి బరువు వదలమన్నప్పుడు మాత్రం చాలాసేపు పట్టింది. మెల్లగా వదిలాడు. తాడు కిర్రుమని బిగిసింది, పట్టింది.

"ఏం కనబడుతున్నది?"

"బెరడు. చీమలు."

"ఇంకా ఎక్కుతవా?"

"ఇయ్యాల్టికి సాలు," అన్నాడు అల్లుడు. దిగుతూ దిగుతూ మామ నడుము వైపు చూశాడు. "గా క్లిప్పుకు మర తిప్పలే నువ్వు."

మామ వంగి, మూతి తడిమి, మర తిప్పాడు.