యాత్రికుని మూట

దూరప్రయాణమునకు బయలుదేరువాడు మూటను తేలికగా కట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. నేడు సెలవులు రాగానే ట్రెక్కింగు పేరిట కొండలకును అడవులకును నడచిపోవు యువకులకు శిక్షణ నిచ్చువారును ఆ మాటయే చెప్పుచున్నారు. రాత్రి బస కూడ ఉండు నడకలో వీపున మోయు సంచి, నడచువాని శరీరపు బరువులో అయిదవ వంతును మించరాదని వారి సాధారణ సూత్రము. అనగా 60 కిలోల మనిషికి 12 కిలోలు. ఒక లీటరు నీరే ఒక కిలో తూగును. నీరు, రెండుమూడు పూటల ఆహారము, ఒక కంబళి, వాననుండి కాపాడు గుడ్డ చేరునప్పటికే ఆ పరిమితిలో సగము నిండిపోవును. మిగిలిన చోట ఏమి పెట్టవలెను, ఏమి మానవలెను అను విచారణ అక్కడ మొదలగును.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విచారణయా, లేక ధర్మమునకు సంబంధించినదా? సౌకర్యమునకే యైనచో శిక్షకులు చెప్పిన తూకము చాలును. ధర్మమునకు కూడ సంబంధించినదైనచో, ఆ ధర్మమును దేనితో తూచవలెను? ఈ ప్రశ్నను శరణ బంధువుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట మూట ఎందుకు పెరుగునో చూతము. అవసరము వలన పెరుగునది కొంత; భయము వలన పెరుగునది అంతకంటె ఎక్కువ. చలి ఎక్కువైనచో అని ఒక శాలువ, అదియు తడిసినచో అని మరియొక శాలువ, దారిలో దొరకనిచో అని నాలుగు రోజుల చిరుతిండి, ఎవరైన చూచినచో అని రెండు మంచి బట్టలు. ఇట్లు ప్రతి వస్తువును ఒక “అయినచో” అను శంకకు సమాధానముగా సంచిలోనికి వచ్చి చేరును. శంకలకు అంతులేదు, భుజములకు మాత్రము అంతు కలదు. వీరశైవునకు దైవము యాత్ర ముగిసిన చోట మాత్రమే ఉండువాడు కాడు. ఇష్టలింగ రూపమున ఎదపైననే ఉండి వెంట నడచువాడు. దేవుడే అంత చిన్న రూపమున తోడు వచ్చుచుండగా, భక్తుని సామాను మాత్రము బండెడు కానేల?

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ జ్ఞప్తికి రాకమానదు. మారయ్య కల్యాణమున రాలిన బియ్యపుగింజల నేరుకొని తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము తెచ్చునంత కంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. మనకు వలసినది ఇంతే, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఆ పిడికెడు బియ్యము బరువైనదని ఆమె అనలేదు. దానిని దొంగిలించితివనియు అనలేదు. రేపటి భయము నేటి కాయకములోనికి ప్రవేశించుట ఆమెకు అంగీకారము కాలేదు. మూట కట్టుకొను ప్రతి యాత్రికుని వెనుకను లక్కమ్మ వంటి ఇల్లాలు ఒకతె నిలిచి, “ఇది మనకు వలసినదేనా?” అని అడుగుచున్నచో మన సంచులు సగమగును.

ఇంతవరకు అందరును అంగీకరింతురు. కాని మూట తేలికగా నుండుటయే సుగుణమందమా? ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను.

కేదారక్షేత్రమును తలచుకొందము. అది పంచపీఠములలో నొకటి; అచ్చటి రావలులు కర్ణాటకమునకు చెందిన వీరశైవ జంగములు. గౌరీకుండమునుండి ఆలయమునకు నేడు సుమారు 16 కిలోమీటర్ల కాలిబాట. 2013 జూన్ నెలలో వచ్చిన వరదలలో పాత మార్గము చెడిపోగా కొంత మేర కొత్త దారి వేయబడినది. ఆలయము సముద్రమట్టమునకు 3,583 మీటర్ల ఎత్తున నున్నది. ఆ దారిలో చేతులూపుకొనుచు పోవువారు కొందరు. వారి సామాను కంచరగాడిదల పైనను, గుఱ్ఱముల పైనను ఎక్కుచున్నది. నడువలేని వృద్ధులను నలుగురు మనుష్యులు డండీపై మోయుదురు. ఒక్కడే వీపున కట్టుకొన్న కండీ అను బుట్టలో మరియొకరిని కూర్చుండబెట్టుకొని మోయును. చేతులూపుకొని నడచువాని మూట తేలికైనదని చెప్పుట ఎట్లు? అది మాయమైపోలేదు, వీపు మారినది. అంతియే.

పర్వతారోహణ చరిత్రయు దీనినే చెప్పుచున్నది. 1953 మే 29న హిల్లరీ, టెన్సింగులు ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. ఆ దండయాత్రకు వలసిన సామానును కొండ అడుగునకు చేర్చుటకు 350 మందికి పైగా కూలీలు పనిచేసిరి. శిఖరమున నిలిచిన ఇద్దరి పేర్లు లోకమెరుగును. క్రిందినుండి బరువు మోసిన వందలమంది పేర్లు ఎందరికి తెలియును?

దీనికి ఒక ఆక్షేపము కలదు. “మా సామాను మేమే మోసికొన్నచో మోతగాని కూడు పోవును గదా! కాయకమే కైలాసమని చెప్పు మతమువారు ఒకని కాయకమును చెడగొట్టవచ్చునా?” అని అడుగవచ్చును. ఆక్షేపము న్యాయమైనదే. మోత మోయుట హీనమైన పని కాదు. చెప్పులు కుట్టిన హరళయ్యను, పడవ నడిపిన చౌడయ్యను గౌరవించిన సంప్రదాయమునకు మోతగాడు తక్కువవాడు కానేరడు. కావున మోతగానిని పెట్టుకొనుట దోషము కాదు. మన భయములను, మన డాంబికమును మూటగట్టి అతని వీపున వేయుట దోషము. అతని కాళ్ళకు సరియైన జోళ్ళు, ఒంటికి వెచ్చని బట్ట ఉన్నవో లేవో చూడకుండుట దోషము. కూలి మాటలాడునప్పుడు గీచి గీచి బేరమాడుట దోషము. ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతమున మోతగాని వీపున పర్యాటకుల సామాను 20 కిలోలకు మించరాదని నియమము పెట్టి, బయలుదేరు ద్వారము వద్ద మూటలను తూచుచున్నారు. ఆ తక్కెడ మన మనస్సులోనే ఉన్నచో ద్వారము వద్ద తూచువాడు అక్కరలేదు. కంచరగాడిదకు నోరు లేదు గనుక దాని విషయమున ఆ తక్కెడ మరింత అవసరము.

ఇక మనకు దగ్గరగా నున్న శ్రీశైలమునకు వత్తము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమను పేర ఒక భాగమునే ఈ యాత్రకు కేటాయించెను. నేటికిని ఉగాదికి ముందు కర్ణాటకమునుండి వేలాది భక్తులు కాలినడకన వచ్చుచున్నారు. ఆత్మకూరు దాటి వెంకటాపురము వద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారము చేరుదురు. వారిలో పలువురి చేతి సంచులు చాల చిన్నవి. దారి పొడవునను అన్నము పెట్టువారు, మజ్జిగ పోయువారు, నొప్పిపెట్టిన కాళ్ళకు నూనె రాయువారు ఉండుటయే దానికి కారణము. అట్లైనచో వీరి తేలికదనమును ఇతరుల భుజములపై నిలిచినదే కదా?

అవును, నిలిచినదే. కాని ఇచ్చట భేదము కలదు. అన్నము పెట్టువాడు దాసోహభావముతో పెట్టుచున్నాడు. ఆ బరువును అతడు కోరి ఎత్తుకొన్నాడు. తినువాడు ఆకలి మేరకు తిని, తన ఊరిలో తన వంతు వచ్చినప్పుడు మరియొకనికి పెట్టువాడైనచో ఆ ఋణము తీరును. దాసోహము చక్రము వలె తిరుగునది. పెట్టినదానిని తిని, మరల నాలుగు పొట్లములు సంచిలో కుక్కుకొనువాడు ఆ చక్రమును ఆపుచున్నాడు. లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యము ఆ పొట్లములలో నున్నది.

అడవి మాట కూడ చెప్పవలెను. ఆ దారి నల్లమలలో పెద్దపులుల అభయారణ్యము గుండా పోవుచున్నది. త్రాగిన నీటిసీసాను, తిన్న విస్తరిని, ప్లాస్టిక్ సంచిని దారి ప్రక్కన విసరివేసి, “మూట తేలికైనది” అని సంతసించువారున్నారు. ఆ బరువు అడవి మోయుచున్నది. ఆకు తినవచ్చిన జింక కడుపు మోయుచున్నది. ప్లాస్టిక్ మన మనుమల కాలమునకును మట్టిలో కలియదు. నిండు సీసాను మోసి తెచ్చిన భుజమునకు ఖాళీ సీసా బరువగునా?

మితిమీరిన తేలికదనము కూడ పరులకు భారమగును. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను వృద్ధురాలు, పదునొకండుగురు బిడ్డల తల్లి, 1955లో తన 67వ ఏట అపలేషియన్ ట్రయల్ అను సుమారు 3,300 కిలోమీటర్ల కొండదారిని ఒంటరిగా నడచి ముగించెను. ఆమె వద్ద ఖరీదైన పరికరములు లేవు. తాను కుట్టుకొన్న గుడ్డసంచి, ఒక కంబళి, వాన కడ్డముగా స్నానపుగది తెర, కాళ్ళకు సాధారణమైన గుడ్డబూట్లు. తేలిక మూటను మెచ్చువారందరును ఆమెను ఉదాహరింతురు. కాని అంతకు ముందటి యేడు, 1954లో, ఆమె మొదటిసారి బయలుదేరి దారి తప్పి, కళ్ళజోడు పగులగొట్టుకొని, అటవీ సిబ్బంది చెప్పగా ఇంటికి మరలిపోయెను. ఆమెను వెదకుటకు ఇతరులు అడవిలో తిరుగవలసి వచ్చెను. ఆ మరుసటి యేడు ఆమె మరల చిన్న సంచితోడనే పోయినది. సంచిని పెంచుకొనుట గాక దారిని ఎరిగి నడచుట ఆమెను గమ్యము చేర్చినది. వలసిన మందును, దీపమును, చలిబట్టను మానివేసి దైవముపై భారము వేసితినని చెప్పువాడు, నిజమునకు తనను వెదకవచ్చు మనుష్యులపై ఆ భారమును వేయుచున్నాడు.

కావున మూట ఎన్ని కిలోలున్నదని అడుగుటకు ముందు, నేను వదలినదానిని ఎవరు మోయుచున్నారని అడుగవలెను. ఎవరును మోయనిచో అది నిజముగా అవసరము లేని వస్తువే. దానిని వదలుట నిర్మోహము. మరియొకడు అయిష్టముగా మోయుచున్నచో దానిని తేలికదనమనుటకు వీలు లేదు. అది బరువును దాచుట.

ఇంకొక్క మాట. తన అవసరమునకు మించినది మూటలో ఏదియు ఉండరాదా? ఉండవచ్చును. తోడివాని బొబ్బలెక్కిన కాలికి కట్టు, దారిలో సొమ్మసిల్లిన వానికి ఒక బెల్లపుముక్క, రెండు గ్రుక్కల అదనపు నీరు. ఇవి మన భయమునుండి పుట్టినవి కావు గనుక వీనిని లక్కమ్మ కూడ కాదనదని నా విశ్వాసము.

మా విద్యార్థులు విహారయాత్రకు పోవునప్పుడు నేను చెప్పు ఉపాయము ఒక్కటే. బయలుదేరుటకు ముందు రోజు మూటను కట్టి, వీపున వేసికొని, ఒక గంటసేపు ఊరిచుట్టు నడవుడు. ఏ వస్తువు వలదో భుజమే చెప్పును. భుజము చెప్పిన పిదపయు దానిని విడువ మనసొప్పనిచో, దానిని తమ్మునికో మోతగానికో అందింపక మీరే మోయుడు. అట్లు మోసినవాడు మరుసటి యాత్రకు తనంతట తానే దానిని ఇంట విడిచి వచ్చును.