కంటికి తిన్నన, నూలుకు వంకర

ధ్యాన భాగములు: ఆమోసు 7:7, 8, 1 కొరింథీయులకు 4:4



“నా మనస్సాక్షి నన్ను గద్దించుట లేదు, కాబట్టి నేను చేసినది న్యాయమే” అను మాట మన సంఘములలో తరచుగా వినబడును. పొలము గట్టు తగవులో అన్న ఈ మాటే చెప్పును, తమ్ముడును ఈ మాటే చెప్పును. ఇద్దరును బుద్ధిపూర్వకముగా అబద్ధమాడుట లేదు. అయినను గట్టు ఒక్కచోటనే ఉండవలెను గదా! మనుష్యుడు కపటము లేకుండ నమ్మినంత మాత్రమున అతని నడత తిన్ననిదగునా? ఈ ప్రశ్నను ఒక పనివాని బల్లమీద పెట్టి చూతము.

మన ఊళ్లలో తిరుగు మోటారు సైకిళ్లకు వెనుక చక్రము దగ్గర స్ప్రింగులుండును. పూర్వము అనేకమైన బండ్లకు అవి లేవు. అమెరికాలోని హార్లీ డేవిడ్సన్ వారి పెద్ద ఇంజను బండ్లకు 1957 వరకు వెనుక స్ప్రింగులు లేవు. 1958లో డ్యుయో గ్లైడ్ అను బండితో అవి వచ్చెను. ఆ పాత రూపమును ప్రేమించువారు నేటికిని ఆ దేశములో అట్టి బండ్లను తమ చేతులతో కట్టుకొనుచున్నారు. స్ప్రింగులున్న వెనుక భాగమును కోసివేసి, ఉక్కు గొట్టములతో చేసిన కదలని భాగమును ఫ్రేమునకు అతుకుదురు. దీనిని హార్డ్‌టెయిల్ అందురు.

ఈ పనిలో ఒక గొప్ప భయమున్నది. వెనుక ఇరుసు కూర్చుండు రెండు పలకలును ఫ్రేముతో ఏకమై అతుకబడును. ఆ పలకల గాడిలో ఇరుసును ముందుకు వెనుకకు కొంత జరుపవచ్చును. కాని ఒక పలక మీదికి, మరియొకటి క్రిందికి అతుకబడినయెడల, ఎంత జరిపినను చక్రము ఒరిగియే యుండును. అట్టి బండి ఒక ప్రక్కకు లాగును. టైరు ఒక వైపు అరుగును. వేగముగా పోవునప్పుడు అది నడుపువానికి మాత్రమే గాక, వెనుక కూర్చున్న భార్యాబిడ్డలకును అపాయము తెచ్చును.

కాబట్టి మంచి పనివాడు కంటితో చూచి “తిన్నగా ఉన్నది” అనడు. గొట్టములు వంగి, వాలి, సన్నగిల్లి పోవుచుండగా కన్ను దేనిని పట్టుకొని తీర్పు తీర్చును? అతడు మట్టముగానున్న దళసరి ఉక్కు బల్లమీద ఫ్రేమును బిగించును. హ్యాండిలు తిరుగు గొట్టములో ఒక తిన్నని కడ్డీని, ఇరుసు స్థలములో మరియొక కడ్డీని దూర్చును. ముందు గొట్టపు మధ్యనుండి ఇరుసు మధ్యకు నూలు లాగి, సీటు క్రింది గొట్టము ఆ నూలు క్రింద సరిగా పడుచున్నదో లేదో చూచును. ముందు గొట్టపు మధ్యనుండి ఇరుసు రెండు కొనలకును కొలుచును; రెండు కొలతలును సమానముగా ఉండవలెను. వెనుకనుండి చూచినప్పుడు ముందు కడ్డీ ఇరుసు కడ్డీమీద లంబముగా నిలువవలెను. ఫ్రేము తన్ను గూర్చి తాను సాక్ష్యము చెప్పదు. వెలుపలి నూలు చెప్పును.

మనస్సాక్షి దేవుడిచ్చినదే, దానిని త్రోసివేయవచ్చునా అని కొందరడుగుదురు. త్రోసివేయకూడదు. కన్ను లేనివాడు నూలును చూడలేడు. అయితే కన్ను వేరు, నూలు వేరు. పౌలు తనలో ఏ దోషమును తనకు కనబడకపోయినను, అంతమాత్రమున తాను నిర్దోషిననుకొనలేదు. తీర్పును ప్రభువునకు విడిచెను. తమ్మును తామే కొలతగా పెట్టుకొని కొలుచుకొనువారు బుద్ధిహీనులని 2 కొరింథీయులకు 10:12లో హెచ్చరించెను.

ఆ పనివాని యొద్ద నేర్చుకొనవలసినవి మరి రెండున్నవి.

వేడిగానున్న ఉక్కు నిజమైన కొలత చెప్పదు. ఒక మీటరు ఉక్కు కడ్డీ 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కినయెడల సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగును. వెల్డింగు చల్లారునప్పుడు అతుకు ముడుచుకొని గొట్టమును తన వైపునకు లాగును. అందుచేత పనివాడు ఈ ప్రక్క కొంచెము, ఆ ప్రక్క కొంచెము అతుకుచు, చల్లారిన పిమ్మట మరల కొలుచును. కోపముతో మండుచు సహోదరునిమీద తీర్పు తీర్చువాడు వేడి ఇనుమును కొలుచుచున్నాడు. కూడికలలో కన్నీటితో చేసిన తీర్మానమును కూడ వారము గడిచిన తరువాత మరల కొలిచి చూడవలెను.

రెండవది, కొలుచు సాధనమునే పరీక్షింపవలెను. రసమట్టము సరియైనదో కాదో ఎట్లు తెలియును? ఒకచోట పెట్టి బుడగ ఎక్కడ నిలిచెనో గురుతుంచుకొని, దానినే కొన మార్చి త్రిప్పి అదే చోట పెట్టవలెను. బుడగ రెండు మారులు ఒకే ప్రక్కకు ఒకే దూరమున నిలిచినయెడల సాధనము నమ్మదగినది. త్రిప్పగానే మాట మార్చినయెడల సాధనమే వంకరది. మనము పొరుగువానికి పెట్టు కొలతను మనవైపు త్రిప్పుదుమా? కూతురి పెండ్లిలో కట్నమడిగినవారిని ధనాపేక్షగలవారని నిందించిన తండ్రి, కుమారుని పెండ్లిలో దానినే మర్యాద అనును. 1961 నాటి చట్టము కట్నమును నిషేధించినను, అతని మనస్సాక్షి అతనిని గద్దింపదు. బుడగ మాట మార్చెను! ఏ కొలతతో కొలుతుమో ఆ కొలతయే మనకును వచ్చునని మత్తయి 7:2లో ప్రభువు మనకు ముందుగానే తెలియజేసెను.

ఒక మాట మరువకూడదు. నూలు వంకరను చూపును గాని తీయదు. ధర్మశాస్త్రమువలన పాపము ఎట్టిదో తెలియునని రోమీయులకు 3:20 బోధించుచున్నది; తిన్నగా చేయుట దానివలన కాదు. వంగిన ఫ్రేము తన్ను తాను సరిచేసుకొనలేదు. పనివాడే దానిని బల్లకు బిగించి, కొంచెము వంచి, కొలిచి, మరల వంచును. బిగింపు కఠినమే, అయినను అతడు దానిని పారవేయుటకు గాక, మార్గమున నడిపించుటకే బిగించెను. మనలను సరిచేయు ప్రభువు హస్తము అట్టిది. ఆ హస్తములో మేకుల గాయములున్నవి గనుక మనము వెరవనక్కరలేదు.

ఫ్రేమునకు రంగు వేయకమునుపే కొలుచుట లాభము. నిగనిగలాడు రంగు క్రింద వంకర దాగును గాని పోదు. కాబట్టి రాబోవు ప్రభు సంస్కారమునకు ముందు ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొనునప్పుడు, “నాకు తప్పు కనబడుట లేదు” అని ఊరకుండక, 139వ కీర్తనకారునివలె, “దేవా, నీవే పరిశోధించుము” అని వేడుకొనవలెను. గట్టు తగవున్నయెడల, వాక్యపు నూలు పట్టుకొని ముందుగా తన వైపే కొలుచుకొనవలెను. అటు పిమ్మట సహోదరుని యొద్దకు వెళ్లవలెను.

ప్రభువు మన త్రోవలను సరాళము చేయును గాక. ఆమేన్.