షెడ్డులో కారు, జమ్మి చెట్టు మీద గాండీవం

విరాట పర్వం మీద మనం చేసిన వీడియో చూసి ఒక అబ్బాయి పెద్ద ఉత్తరమే రాశాడు. వాళ్ళది కోటబొమ్మాళి. తను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. విషయం చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న తనొక్కడిదే కాదని తనకీ తెలుసు.

వాళ్ళ ఇంటి వెనక షెడ్డులో తాతగారి కారు ఉంది. రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు తయారు చేసిన కారు అది. ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన రూపం. బానెట్ మొత్తం ముందుకి, మొసలి నోరు తెరిచినట్టు లేస్తుంది. దీని ఛాసిస్‌నే పొట్టి చేసి, 1962లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఆ రోజుల్లో మన దగ్గర స్పోర్ట్స్ కారు ఎవరికుంది? కుర్రాళ్ళకి హెరాల్డే స్పోర్ట్స్ కారు!

తాతగారి తర్వాత నాన్నగారు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఒకసారి స్టార్ట్ చేసి, టెక్కలి దాకా వెళ్ళి వచ్చేవారట. ఆ కుటుంబం మూలాలు ఉద్దానంలో ఉన్నాయి. ఉద్దానం అనగానే మీకు అర్థమై ఉంటుంది. నాన్నగారికి కిడ్నీ జబ్బు. డయాలసిస్ కోసం వారం వారం తిరగడం, అమ్మ బంగారం అమ్మడం, చివరికి ఆయన పోవడం. ఏడేళ్ళు అయింది. ఆ రోజు నుంచి ఆ అబ్బాయి దీపం పెట్టలేదు. షెడ్డు తాళం కూడా తీయలేదు. ఇప్పుడు అమ్మగారు, "కొత్తమ్మ తల్లి జాతరకి వస్తావు కదా, దాన్ని బాగు చేయించు, లేదా ఇనప సామాన్ల వాడికి ఇచ్చెయ్" అన్నారట.

వాడు అడిగింది కారు గురించి కాదండి. "రోజూ పూజ చేసిన మనిషికే అలా జరిగింది. నాకు దేవుడి మీద ఇంకా కోపం పోలేదు. కోపంతో దీపం పెట్టొచ్చా? ఏడేళ్ళు వదిలేసినవాడికి ఆ హక్కు ఉంటుందా?" అని అడిగాడు.

ముందు ఒక మాట. మీ నాన్నగారికి ఆ జబ్బు ఎందుకొచ్చిందో నేను చెప్పను. ఉద్దానంలో అన్ని వేల మందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో డాక్టర్లే ఇప్పటికీ పూర్తిగా తేల్చలేకపోయారు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారంటే, అక్కడి కష్టం ఎంతటిదో ఊహించండి. "అది పూర్వజన్మ కర్మ నాయనా" అని ఒక్క ముక్కలో తేల్చేసే వాళ్ళుంటారు. దుఃఖంలో ఉన్నవాడి ముందు ఆ మాట అనడం నాకు నచ్చదు.

ఇక విరాట పర్వానికి వద్దాం. అజ్ఞాతవాసానికి వెళ్ళే ముందు పాండవులు ఆయుధాలు జమ్మి చెట్టు మీద దాచారు కదా. అక్కడ వ్యాసులవారు చెప్పిన ఒక చిన్న వివరం మనం గమనించం. దాచే ముందు విల్లుల నారి విప్పేశారు! బిగించిన నారితో ఏడాది వదిలేస్తే విల్లు సత్తువ పోతుంది. నకులుడు చెట్టెక్కి, వాన తగలని కొమ్మలు చూసి గట్టిగా కట్టాడు. ఎవరూ దగ్గరికి రాకుండా పక్కన ఒక శవాన్ని వేలాడదీశారు.

ఏడాది తర్వాత బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు ఉత్తర కుమారుణ్ణి ఆ చెట్టు దగ్గరికి తెచ్చి, ఎక్కి విల్లు దింపమన్నాడు. ఉత్తరుడు ఎక్కనన్నాడు. "ఈ చెట్టుకి శవం కట్టి ఉందని విన్నాను, రాజకుమారుణ్ణి, ఎలా ముట్టుకుంటాను?" అన్నాడు. భయపడకు, అవి విల్లులే, శవం కాదు అన్నాడు అర్జునుడు. వాడు వణుకుతూనే ఎక్కి, మూట విప్పితే లోపల సూర్యోదయంలా వెలుగు. గాండీవం! బ్రహ్మ, ప్రజాపతి, ఇంద్రుడు, సోముడు, వరుణుడు, ఇంతమంది చేతులు మారి అర్జునుడి దాకా వచ్చిన విల్లు.

మీ ఇంట్లో షెడ్డూ, దేవుడి గదీ రెండూ ఇప్పుడు ఆ జమ్మి చెట్టులాగే ఉన్నాయి బాబూ. మీకు అక్కడ నాన్నగారి మరణం వేలాడుతూ కనిపిస్తోంది. మూటలో ఉన్నది తాతగారు నాన్నగారికి, నాన్నగారు మీకు అందించినది.

అయితే దింపిన వెంటనే బాణం వేసేయొచ్చా? ఏ పాత మెకానిక్‌నైనా అడగండి, ఏడేళ్ళు ఆగిన బండికి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాడంటే వాడంత మూర్ఖుడు లేడంటాడు. మన తీరం గాలిలో ఉప్పు ఉంటుంది. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి తుప్పుతో అతుక్కుపోయి ఉండొచ్చు. బలవంతంగా తిప్పితే రింగులు విరిగి ఇంజన్ పోతుంది. ముందు ప్లగ్గులు విప్పాలి. ఒక్కో సిలిండర్‌లో కాస్త నూనె పోసి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో, మెల్లగా తిప్పి చూడాలి. కదలకపోతే మళ్ళీ నూనె, మళ్ళీ ఓపిక. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, మొత్తం తీసేసి ట్యాంకు, కార్బురేటర్ కడగాలి. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. ఇంకో సంగతి, బండి నడిపే ముందు ఆగుతుందా లేదా చూసుకోవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్లు తుప్పు పట్టి పట్టేస్తాయి, రబ్బరు గొట్టాలు పగులుతాయి. అవన్నీ మార్చాకే రోడ్డు.

మనవాళ్ళు సాధనలో సరిగ్గా సెల్ఫ్ కొట్టే పనే చేస్తారు. ఏళ్ళ తరబడి దేవుడి గది వైపు చూడనివాడు ఒక వీడియో చూసి, రేపటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి సహస్రనామం, ఉపవాసం, నలభై ఒక్క రోజుల దీక్ష అంటాడు. అయిదో రోజుకి విరిగిపోతాడు. తర్వాత ఇంకో పదేళ్ళు ఆ ఛాయలకి రాడు. మీరు ఆ పని చేయకండి. రోజుకి ఒక్క దీపం, ఒక్క నామం, అయిదు నిమిషాలు. అదే ఆ రెండు రోజుల నూనె.

ఇక కోపం. పాత బండి మొదటిసారి అందుకున్నప్పుడు ఏం వస్తుంది? సైలెన్సర్ లోంచి నల్లటి పొగ, తుప్పు పొడి, ఎలుక గూడు పీచు. పక్కింటివాళ్ళు తిడతారు కూడా. క్షీరసాగర మథనంలో ముందు వచ్చింది అమృతం కాదు కదా, హాలాహలం. మందర పర్వతం మునిగిపోకుండా వీపు మీద మోసిన కూర్మనాథుడు మన జిల్లాలోనే, శ్రీకూర్మంలో ఉన్నాడు. స్వామి స్వయంగా కింద పట్టుకుని ఉన్నా విషం రాకుండా ఆగలేదు. పలాసలో జీడిగింజలు పగలగొట్టే అక్కల్ని అడగండి, పప్పు కంటే ముందు చెయ్యి కాల్చే జీడి రసం తగులుతుంది.

కాబట్టి మీరు ఏడేళ్ళ తర్వాత దీపం ముందు కూర్చుంటే మొదట వచ్చేది భక్తి కాకపోవచ్చు. కోపమే రావచ్చు, ఏడుపు రావచ్చు. రానివ్వండి. "మా నాన్నని ఎందుకు తీసుకెళ్ళావు?" అని ఆ దీపం ముందే అడగండి. శివుడు విషాన్ని మింగలేదు, కక్కలేదు, గొంతులో పట్టుకున్నాడు. మీది కూడా ఆయన ముందు పెడితే పట్టుకోగలడు. అమ్మగారి మీద మాత్రం కక్కకండి. ఆవిడ కూడా ఆ ఏడేళ్ళే మోస్తున్నారు.

హక్కు ఉందా అని అడిగారు. ఇదే ప్రశ్న అర్జునుడు భగవద్గీత ఆరో అధ్యాయంలో వేశాడు. సాధన మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడు చెదిరిన మబ్బులా నశించిపోతాడా అని. కృష్ణుడు లేదన్నాడు. మంచి పని చేసినవాడు దుర్గతికి పోడు, ఇంకో జన్మ ఎత్తినా పాత సంస్కారం దొరుకుతుంది, అక్కడి నుంచే ముందుకు సాగుతాడు అని హామీ ఇచ్చాడు. జన్మ మారితేనే పోనిది ఏడేళ్ళకి పోతుందా? చిన్నప్పుడు ఆదివారం పొద్దున్న నాన్నగారి పక్కన కూర్చుని చదివిన స్తోత్రం, నోరు తెరిస్తే సగం దాకా దానంతటదే వస్తుంది. మిగతా సగం మర్చిపోతే అమ్మగారిని అడగండి.

కారు సంగతి కూడా ఆవిడతో కూర్చునే తేల్చుకోండి. హెరాల్డ్‌కి రబ్బరు సామాన్లు, బ్రేక్ సామాన్లు వెతికితే దొరుకుతాయి, ఖర్చు మాత్రం ఊహించిన దానికంటే ఎక్కువే అవుతుంది. అప్పు చేసి మాత్రం వద్దు. ఊళ్ళో దిగిన రోజు మెకానిక్‌ని తీసుకెళ్ళకండి. అమ్మగారూ మీరూ కలిసి తాళం తీయండి. తాళం కూడా తుప్పు పట్టి ఉంటుంది, రెండు చుక్కలు కొబ్బరి నూనె వేసి కాసేపు ఆగండి.