ధర తెలిసిన నాలుక

2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో, ఆ రాష్ట్రపు షార్డనేలన్నిటిలోకీ ఉత్తమమైనదని ఒక సీసాకి బహుమతి వచ్చింది. దాని పేరు చార్ల్స్ షా. ట్రేడర్ జోస్ దుకాణాల్లో 2002లో అది మొదలైనప్పుడు ధర 1.99 డాలర్లు. అందుకే జనం దానికి ‘టూ బక్ చక్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పోటీలో న్యాయనిర్ణేతలకి లేబుళ్ళు చూపించరు. గ్లాసులో ఉన్నది రుచి చూసి మార్కులు వేస్తారు, అంతే.

ఈ కథ వినగానే నాలాంటి ఇంజనీరు బుర్రకి భలే సంతోషం వేస్తుంది. చూశారా, వైన్ గురించి ఆ కబుర్లన్నీ ఉత్త బడాయి, రెండు డాలర్లదానికీ రెండువందల డాలర్లదానికీ తేడా లేదు, అని తేల్చేసి పక్కకి తప్పుకోవచ్చు. కానీ అంత తొందరపడి సంతోషించకూడదు. ఆ పోటీ సంగతే ఇంకాస్త ముందుకెళ్ళి చూద్దాం.

రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఒకాయన. సముద్రశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరై, చిన్న వైనరీ నడుపుకునేవాడు. తన వైన్‌కి ఒక పోటీలో బంగారు పతకం వస్తే ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం ఆయనకి అంతుపట్టలేదు. 2005 నుంచి ఇదే స్టేట్ ఫెయిర్‌లో, నిర్వాహకుల అనుమతితో, ఒక ప్రయోగం చేశాడు. న్యాయనిర్ణేతల ముందు పెట్టే గ్లాసుల వరసలో ఒకే సీసాలోంచి పోసిన మూడు గ్లాసుల్ని కలిపేశాడు. ఒకే వైన్‌కి మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో సుమారు ఒకరు. ఇది 2008లో ప్రచురించాడు.

అంటే ఏమైంది? ఖరీదైన వైన్‌ల మీద నమ్మకం పోగొట్టిన ఆ పోటీ మీదే నమ్మకం పోయింది. రెండు డాలర్ల సీసా గెలవడం కూడా కొంత లాటరీయే కావచ్చు. ‘ఖరీదైందే మంచిది’ అనేవాడికీ ‘చవకదే మంచిది’ అనేవాడికీ ఇక్కడ ఊతం దొరకదు.

మరో ప్రయోగం ఇంకా చిక్కైంది. అదీ 2008లోనే వచ్చింది. కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు ఇరవైమందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, సన్నటి గొట్టాల్లోంచి వైన్ పట్టించారు. ఐదు రకాలని చెప్పారు, నిజానికి మూడే. ఒకే వైన్‌ని ఒకసారి 5 డాలర్లదని, ఒకసారి 45 డాలర్లదని చెప్పారు. ఇంకోదాన్ని 90 అనీ, 10 అనీ చెప్పారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు ‘ఇది బాగుంది’ అన్నారు. ఇందులో ఆశ్చర్యం ఏముంది, మొహమాటానికి అని ఉంటారు అనుకోవచ్చు. కానీ స్కానర్‌కి మొహమాటం ఉండదు కదా. హాయిగా అనిపించినప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగం, ధర ఎక్కువ చెప్పినప్పుడు నిజంగానే ఎక్కువ చురుగ్గా ఉంది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకి నిజంగానే బాగుంది. కొన్ని వారాల తర్వాత ధర చెప్పకుండా అవే పోస్తే ఆ తేడా మాయమైంది.

మెషిన్ లెర్నింగ్‌లో పనిచేసేవాళ్ళు దీన్ని లీకేజీ అంటారు. మోడల్ దేన్ని కనిపెట్టాలో ఆ జవాబే దొంగదారిన దాని చేతికి అందిపోతే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. ధర అలా నాలుకలోకి లీకవుతుంది. అయితే మోడల్‌కి ఆనందం ఉండదు, మనకి ఉంటుంది. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఊహకి ఒక పరీక్ష పెట్టుకుందాం. ఇంటికొచ్చిన స్నేహితుడికి ఏడువందల రూపాయల వైన్‌ని గాజు కూజాలో పోసి, ఇది ఐదువేలది అని చెప్పాననుకోండి. అతను ఎక్కువ ఆనందిస్తాడు. అతనికి నష్టం లేదు, నాకు ఖర్చు లేదు, లోకంలో ఆనందం కాస్త పెరిగింది. ఇందులో తప్పేమిటి? లాభనష్టాలు కూడి తీసివేస్తే తప్పేమీ కనిపించదు. అయినా మనలో చాలామందికి ఇది అతన్ని అవమానించడం లాగే తోస్తుంది. ఎందుకని?

నాకు తోచిన జవాబు ఇది. ‘ఈ వైన్ బాగుంది’ అని అతనన్నప్పుడు తన మెదడు గురించి కబురు చెప్పట్లేదు. గ్లాసులో ఉన్నదాని గురించి ఒక మాట అంటున్నాడు. దాన్ని గమనించాననుకుంటున్నాడు. నేను ఆ గమనింపుని పక్కకి తోసేసి, దాని ఫలితాన్ని మాత్రం అతని చేతిలో పెట్టాను.

డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణం ఉందా అని రాసిన వ్యాసంలో, ‘డాన్ క్విక్సోట్’లో సాంచో చెప్పే ఒక పిట్టకథని వాడుకున్నాడు. సాంచో చుట్టాలిద్దరిని ఒక పీపాలోని వైన్ రుచి చూడమంటారు. బాగుంది కానీ తోలు వాసనేస్తోందని ఒకడంటాడు. కాదు, ఇనుము రుచి తగుల్తోందని ఇంకోడంటాడు. అందరూ వాళ్ళని చూసి నవ్వుతారు. తీరా పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుతాడు కట్టిన ఇనప తాళంచెవి దొరుకుతుంది. అంటే రుచి చెప్పడానికి బయట ఒక ఆధారం ఉండే వీలుంది, పసిగట్టగల నాలుకలూ ఉండే వీలుంది అని హ్యూమ్ వాదన. హాడ్జ్‌సన్ చేసింది పీపాని వంచి చూడటమే. చాలాసార్లు అడుగున తాళంచెవి లేదు. అంతమాత్రాన ఏ పీపాలోనూ ఉండదని చెప్పలేం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మనం దేన్నీ నాలుకతో మాత్రమే తినం. వానపడుతుంటే మిరపకాయ బజ్జీ రుచి వేరు. అమ్మ చేసిన ముద్దపప్పు, కొత్తావకాయ రుచి వేరు. అదే పప్పుని కళ్ళకి గంతలు కట్టి నాకు పెడితే మామూలు పప్పే అంటానేమో. వాననీ అమ్మనీ లెక్కలోకి రానిస్తున్నప్పుడు ధరని మాత్రం ఎందుకు గుమ్మం బయట నిలబెట్టాలి?

నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఆనందానికి కారణం తెలిశాక ఆ ఆనందం నిలుస్తుందా, లేదా? ‘నీకు ఆ పప్పు బాగుంది అమ్మ చేసింది కాబట్టేరా’ అని ఎవరైనా అంటే, ‘అవును, మరి!’ అంటాను. రుచి ఏమీ తగ్గదు, నిజానికి పెరుగుతుంది. ‘నీకు ఆ వైన్ బాగుంది 90 డాలర్లని చెప్పాం కాబట్టే’ అంటే మొహం చిన్నబోతుంది. మొదటి కారణాన్ని నా కారణంగా ఒప్పుకుంటాను. రెండోది నా వెనకనించి వచ్చి నా చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించినట్టుంటుంది.

ధర అంత నమ్మదగిన సాక్షి కూడా కాదు. నాసిక్‌లో కొన్న సీసాకీ హైదరాబాదులో కొన్న అదే సీసాకీ ధర ఒకటి కాదు. ద్రాక్ష మారలేదు, మారింది రాష్ట్రాల ఎక్సైజు పన్ను. టూ బక్ చక్ అంత చవగ్గా రావడానికి ఒక కారణం, ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో అవసరానికి మించి ద్రాక్ష పండటం. ఒక సంఖ్యలో పన్నూ, పంటా, రవాణా, సీసా బరువూ, బ్రాండు గర్వమూ అన్నీ కలిసుంటాయి. రుచి వాటా ఎంతో ఆ సంఖ్య చెప్పదు.

అయితే ధరల పట్టిక లేనిచోట నాలుక మొద్దుబారి ఉంటుందా? నల్లగొండ జిల్లాలో మా తాతకి వైన్ అంటే ఏమిటో తెలీదు. మా ఊరి దగ్గర్లో ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న షాపులో కూడా వైన్ దొరకదు, ఆ సంగతి మీకూ తెలుసు. కానీ తాటికల్లు గురించి మా తాత మాట్లాడుతుంటే వినాలి. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని కాలాన్నిబట్టి పేర్లు. పొద్దుగాల దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కితే పులుస్తుంది. లొట్టి సరిగ్గా కడగలేదని ఒక గుక్కలో చెప్పేవాడు. ఫలానా గట్టు మీది చెట్టుదే కావాలని గౌడ్‌తో పేచీ పెట్టుకునేవాడు. మా ఊళ్ళో అప్పట్లో ఏ చెట్టు కల్లయినా ఒకటే ధర. నాలుకకి సాయం వచ్చే సంఖ్య లేదు కాబట్టి నాలుకే పనిచేసింది. ఫ్రాన్సువాళ్ళు నేల, వాలు, ఎండ అంటూ చెప్పుకునే మాటలకీ, మా తాత తాటాకు రేకలో కల్లు పోయించుకుంటూ చెప్పిన మాటలకీ తేడా పుస్తకాలు అచ్చవడంలోనే ఉందని నాకనిపిస్తుంది. రసజ్ఞత డబ్బున్నవాళ్ళ సొత్తు అనుకోవడం, రసజ్ఞత అంతా బూటకం అనుకోవడం, రెండూ ఆయన్ని లెక్కలోకి తీసుకోని మాటలే.

చవక గురించి కూడా ఇదే జాగ్రత్త కావాలి. ‘నాలుగొందల్లో కొట్టేశా, రెండువేల సీసాకి ఏం తీసిపోదు’ అనే ఆనందం నాకు బాగా తెలుసు. అదీ ధర రుచే, తలకిందులుగా ఉంది అంతే. అందులో వైన్ మీద ఇష్టం కన్నా నా తెలివి మీద ఇష్టం ఎక్కువ. సాదా తిండి గురించి మనవాళ్ళు ఈమధ్య రాసే పొగడ్తల్లోనూ ఇది కనిపిస్తుంది. జొన్నరొట్టె, రాగిసంకటి ఇప్పుడు హైదరాబాదు హోటళ్ళలో మెనూకార్డు మీద గొప్పగా కూచున్నాయి. ఒకసారి అమ్మని అలాంటి చోటికి తీసుకెళ్ళి, ఎంత ఆరోగ్యమో, ఎంత రుచో వర్ణించబోతే ఒక్క ముక్కలో ఆపేసింది. ‘గొప్పలు చెప్పకు బిడ్డా. బియ్యం కొననీకి పైసల్లేక తిన్నం గని, ఇష్టపడి తిన్నమా?’

అమ్మ చిన్నప్పుడు ఇంట్లో వరన్నం అంటే పండగ. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక ఎన్నో ఇళ్ళలో అది రోజూ తినే తిండైంది. ఆ తెల్లన్నం రుచిలో గౌరవం రుచి కూడా ఉంది. నేను పెట్టుకున్న పరీక్ష ప్రకారం అది నిక్కచ్చిగా నిలిచే ఆనందం. నా జొన్నరొట్టె ఇష్టం కూడా దొంగది కాదు. కాకపోతే అది నాకు ఇష్టం కాగలిగింది, కావాలంటే అన్నం తినగలను కాబట్టి. ఎంచుకున్న నిరాడంబరత్వానికీ, నెత్తిన పడ్డ లేమికీ కంచంలో పదార్థం ఒకటే. పేరు ఒకటి కాదు.

ఎపిక్యూరస్‌ని భోగలాలసుడని జనం అపార్థం చేసుకుంటారు గానీ, ఏథెన్స్‌లోని తన తోటలో ఆయన తిండి రొట్టె, నీళ్ళు. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే చిన్న గిన్నెడు జున్ను పంపించమని మిత్రుడికి రాశాడట. ఆయన చెప్పిందాంట్లో నాకు నచ్చేది, తక్కువతోనే బతకాలని ఆయన ఎక్కడా శాసించకపోవడం. ఎక్కువ లేనిరోజున తక్కువతో తృప్తిగా ఉండగలగాలి, అందుకే అలవాటు చేసుకోమన్నాడు. ఖరీదైన సీసా దొరికితే తాగొచ్చు. అది లేకపోతే సాయంత్రం పాడవకూడదు.

నా పరీక్షకి దొరకని మనిషి ఒకడున్నాడు. ‘నాకు తెలుసు, నేను తాగుతున్నది ధరనే, ఆ దర్జా కోసమే కొన్నాను’ అని ఒప్పేసుకునేవాడు. అతని ఆనందం కారణం తెలిశాక కూడా నిలుస్తుంది. సరే, నిలవనీ. అతనితో నాకు పేచీ లేదు. పేచీ అతను పక్కవాడి గ్లాసుని చూసి నవ్వినప్పుడు మొదలవుతుంది. ఒక టీమ్ డిన్నర్‌లో, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు తియ్యగా ఉండే వైన్ ఏదైనా ఉందా అని అడిగితే బల్లంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో సగంమందికి ఆ గ్లాసులు మారిస్తే ఏది ఏదో తెలీదని నేను పందెం కట్టగలను. ఆ కుర్రాడొక్కడే ఆ రాత్రి తన నాలుక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. మర్నాటినుంచి అతను కోక్ అడగడం మొదలుపెట్టాడు.

రుచి విషయంలో నైతికత ఏమన్నా ఉంటే అది ఇక్కడ ఉందనుకుంటాను. ఏది తాగావన్నది కాదు, నీకు తెలియనిదాని పేరు చెప్పి ఎవర్ని చిన్నబుచ్చావన్నది.

ఇప్పుడు మా ఇంట్లో అప్పుడప్పుడూ నలుగురం చేరతాం. తలా ఒక సీసా. వెయ్యి దాటకూడదు, పాత న్యూస్‌పేపర్లో చుట్టి తేవాలి, సీసా ఖాళీ అయ్యేదాకా కాగితం విప్పకూడదు. పక్కన అన్నం, పప్పుచారు, వేయించిన మినప వడియాలు. మార్కులు వెయ్యం. ఏ సీసా ముందుగా అయిపోయిందో చూస్తాం. ఇప్పటిదాకా అది ప్రతిసారీ చవకదీ కాలేదు, ప్రతిసారీ ఖరీదైనదీ కాలేదు. కాగితం విప్పాక మాత్రం అందరం ఒకేసారి ధర వైపే చూస్తాం. ఆ అలవాటు ఇంకా పోలేదు.