కష్టానికి క్రెడిట్ ఇవ్వొచ్చా?

ఒలివియే మెస్సియాన్ రాసిన 'కాలాంతపు క్వార్టెట్' గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యం దాదాపు ఒకటే: జర్మన్ యుద్ధఖైదీల క్యాంపులో, చలిలో, ఆకలిలో పుట్టిన సంగీతం అని. 1941 జనవరి 15న గోర్లిట్స్‌లోని స్టాలాగ్ 8-ఎ క్యాంపులో నలుగురు ఫ్రెంచ్ ఖైదీలు దాన్ని మొదటిసారి వాయించారు. క్లారినెట్, వయొలిన్, సెల్లో, పియానో. చలీ ఆకలీ నిజమే. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ 'పుట్టిన' అనే మాట. ఆ క్యాంపేదో కన్నతల్లి అయినట్టు!

మాది బోధన్ వైపు. నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. 2015 డిసెంబరులో మూతపడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన సాహిత్య మిత్రుడొకడు శక్కర్‌నగర్ అంతా తిరిగి చూసి, "ఎంత మెటీరియల్ ఉందిరా నీ దగ్గర! నవల రాయి" అన్నాడు. క్రషింగ్ సీజన్లతో ఏళ్లు లెక్కపెట్టుకున్న మా పెద్దబాపు పక్కనే ఉన్నాడు. నింపాదిగా అడిగాడు: "మంచి నవలనే అచ్చిందనుకో. గప్పుడు మూతవడుడే మంచిగైందంటవా బిడ్డా?"

మిత్రుడు నవ్వేసి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న మెస్సియాన్‌ని కూడా అడగాలనిపించింది.

క్వార్టెట్‌లో ఎనిమిది భాగాలు. అందరినీ ఏడిపించే ఐదో భాగం, సెల్లో పియానోలది, అసలు 1937లో పారిస్ ఎక్స్‌పోజిషన్ కోసం రాసింది. సేన్ నది మీద ఫౌంటెన్లు, దీపాల ప్రదర్శన జరుగుతుంటే ఆరు ఎలక్ట్రానిక్ వాద్యాలు వాయించడానికి. ఎనిమిదో భాగం 1930 నాటి ఆర్గన్ రచన నుంచి తీసుకున్నది. ఒంటరి క్లారినెట్ వాయించే మూడో భాగం, ఆన్రీ అకొకా కోసం, ఈ క్యాంపుకి చేరకముందే మొదలైంది. అంటే మనం క్యాంపుకి కట్టబెట్టే కన్నీళ్లలో కొన్ని ఫౌంటెన్లకి చెందాలి.

మొదటి భాగం సంగతి ఇంకా చిత్రం. పియానో పదిహేడు కాలప్రమాణాల వరసని తిప్పుతూ ఉంటుంది, దాని మీద ఇరవై తొమ్మిది స్వరగుచ్ఛాల వరస ఇంకోటి తిరుగుతూ ఉంటుంది. రెండూ ఒకేచోట మళ్లీ మొదలవ్వాలంటే 493 దెబ్బలు కావాలి. అంతసేపు భాగమే ఉండదు. ఆ పదిహేడూ ఎక్కడివంటే రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాలవి. శార్ఙ్గదేవుడి 'సంగీత రత్నాకరం'లోని దేశీ తాళాలు. ఆయన పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్నవాడు. దేవగిరి అంటే ఇప్పటి దౌలతాబాద్, మా నిజామాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైలు దారిలోనే. మెస్సియాన్ ఆ తాళాల్ని యుద్ధానికి ముందే పుస్తకాల్లో చదువుకున్నాడు.

మరి క్యాంపు ఇచ్చిందేమిటి? ఒకటుంది, అది చిన్నదేమీ కాదు. ఆ నాలుగు వాద్యాల కూర్పు. అప్పటికి ఆ కలయికకి రాసేవాళ్లు చాలా అరుదు. దగ్గర ఉన్నది ఎవరో వాళ్లకే రాశాడు. మా దగ్గర పెళ్లిళ్ల సీజన్లో బ్యాండు మేళం వాళ్లూ అంతే, ట్రంపెట్ ఆయన రాకపోతే ఆ పాట క్లారినెట్టే ఎత్తుకుంటుంది. కాకపోతే ఆ కూర్పుని ఇచ్చింది కష్టం కాదు, మనుషులు. అకొకా, వయొలిన్ ల బులేర్, సెల్లో పాస్కియే. కాగితాలూ పెన్సిళ్లూ తెచ్చిచ్చిన కార్ల్-ఆల్బర్ట్ బ్రూల్ అనే కాపలా ఉద్యోగి.

కథకి ఇది చాలదు. కథకి కష్టం ఇంకా పెద్దగా కనపడాలి. సెల్లోకి మూడే తీగలున్నాయని, వేలమంది ఖైదీలు విన్నారని మెస్సియాన్ తర్వాత చెప్పుకునేవాడు. వాయించిన పాస్కియే మాత్రం తీగలు నాలుగూ ఉన్నాయన్నాడు. హాల్లో పట్టింది కొన్ని వందలమందే. దీన్ని అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు, ఆ చలి పడ్డవాడు ఆయన. దాన్నే పట్టుకుని ప్రోగ్రామ్ నోట్సులో అచ్చేసుకుంటూ పోయిన వాళ్ల మీదే నా పేచీ. వాళ్లకి కావలసింది సంగీతం కంటే ఎక్కువగా, బాధకి ఏదో ఫలితం ఉంటుందన్న హామీ. ఆ హామీ ఒకసారి నమ్మితే, బాధ పెట్టినవాడి లెక్క కూడా కాస్త తేలికవుతుంది.

అకొకా 1941లోనే కదిలే రైల్లోంచి దూకి తప్పించుకున్నాడు, క్లారినెట్ చంకలో పెట్టుకుని. పాస్కియే మళ్లీ సెల్లో కచేరీల్లో పడ్డాడు. ల బులేర్ వయొలిన్ వదిలేశాడు. పేరు కూడా మార్చుకుని, జాన్ లనియేగా నటుడయ్యాడు. క్వార్టెట్‌ని క్యాంపు ఖాతాలో జమ వేసేవాళ్లు ఈ వయొలిన్‌ని ఎక్కడ రాస్తారు?

ఈమధ్య ఎవరికైనా ఆ క్వార్టెట్ వినిపించేటప్పుడు క్యాంపు సంగతి ముందుగా ఎత్తను. దాదాపు యాభై నిమిషాలు. అయ్యాక, అడిగితే, ముందు ఆ నలుగురి పేర్లు చెప్తాను.