పక్కన నడువు, ఏమీ అడగకు

చిట్టితల్లీ,

శనివారం పొద్దున్నే డెన్వర్‌లో అబార్షన్ క్లినిక్ దగ్గర వలంటీర్‌గా నిలబడతానన్నావట. మీ అమ్మ కంగారుపడి "నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. నేను చెప్పను. వెళ్ళు. వెళ్ళేముందు పెద్దమ్మ మాట కాస్త విను.

నేను నర్సుగా చేరేనాటికే మన దేశంలో అబార్షన్‌ని అనుమతించే 1971 చట్టం ఉంది. అయినా ఆ సంగతి తెలియకో, నలుగురి నోళ్ళలో పడతామన్న భయానికో నాటువైద్యం చేయించుకుని, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో రాత్రిపూట వచ్చేవాళ్ళు. లోపల పుల్లముక్క ఉండిపోయిన ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని అడిగింది మందు కాదు. "వార్డులో మా ఊరివాళ్ళెవరైనా ఉన్నారా సిస్టర్?" అని. అందుకే నీది చిన్న పని అనుకోను.

2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, అబార్షన్‌ని హక్కుగా చూసిన రో తీర్పును కొట్టేశాక టెక్సాస్ ఆడవాళ్ళెందరో కొలరాడోకి రావలసివస్తోంది. పిల్లల్ని ఎవరికో అప్పగించి, జీతం పోగొట్టుకుని, రాత్రంతా కారు నడిపి వచ్చినామెకు గేటు దగ్గర ఎదురయ్యేది అట్టలు పట్టుకుని అరిచే జనం. ముందు నీ పేరు చెప్పి, తోడు రానా అని అడుగు. వద్దంటే ఆగిపో. రమ్మంటే, అరిచేవాళ్ళకీ ఆమెకీ మధ్యన నువ్వు నడువు. ఎవరైనా వీడియో తీస్తుంటే గొడుగు అడ్డం పెట్టు. చలి గురించో, పార్కింగ్ గురించో మాట్లాడు. ఎందుకొచ్చావన్న ప్రశ్న మాత్రం నీ నోట రాకూడదు. జాలీ చూపించకు. ఏ బెంగా లేకుండా వచ్చేవాళ్ళూ ఉంటారు.

మాటకు మాట అనందే నీకు నిద్రపట్టదు, నా దిగులంతా అదే. క్లినిక్ తలుపుకి 100 అడుగుల లోపల, ఒప్పుకోని మనిషికి 8 అడుగులకన్నా దగ్గరకొచ్చి కరపత్రాలివ్వడం, హితబోధ చెయ్యడం మీ రాష్ట్రంలో నేరం. ఎవరైనా హద్దు దాటితే క్లినిక్ వాళ్ళకి చెప్పు, నువ్వు కలబడకు. వీసా మీదున్నదానివి. ప్రమాదమూ లేకపోలేదు. 1994లో పెన్సకోలాలో అబార్షన్ డాక్టరుతో పాటు ఆయనకు తోడొచ్చిన వలంటీర్ జేమ్స్ బారెట్‌నీ కాల్చి చంపారు. 2015లో మీ పక్కనే కొలరాడో స్ప్రింగ్స్ క్లినిక్‌లో కాల్పులకి ముగ్గురు పోయారు. కాబట్టి శిక్షణలో చెప్పే జాగ్రత్తలు శ్రద్ధగా విను. ఆఫీసు బ్యాడ్జీ మెళ్ళో వేసుకుని వెళ్ళకు.

ఇంకొకటి. ఏదో ఒకరోజు మన తెలుగుపిల్లే కారు దిగుతుంది. మనవాళ్ళు కనబడగానే "మీదే ఊరు? ఇంటిపేరేంటి?" అనడం మనకు ఊపిరంత అలవాటు. ఆ రోజు మానుకో. ఆమె తెలుగులో పలకరిస్తే తెలుగులో మాట్లాడు, లేకపోతే ఇంగ్లీషులోనే కానియ్యి. తర్వాత ఉగాది సంబరాల్లో ఎదురుపడితే, తనంతట తాను నవ్వేదాకా నువ్వు గుర్తుపట్టినట్టు కనబడకు. మీ ఆయనతో కూడా అనకు.

గేటు దగ్గర నిలబడటం కుదరని వారాల్లోనూ పని ఉంటుంది. దించడానికి మనిషి లేకపోతే చాలాచోట్ల మత్తు ఇవ్వరు. మత్తు తీసుకున్నామె ఆ రోజు బండి నడపకూడదు. ఒంటరిగా అంతదూరం వచ్చినామెను హోటలుకి ఎవరు చేరుస్తారు? నీకు కారుంది, ఆ పనికీ పేరు ఇవ్వు.

మీ పెద్దమ్మ