పెళ్లిచూపులకు వచ్చిన కారు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు కూడలిలో ఏ సాయంత్రమైనా కాసేపు నిలబడి చూడండి. ఎర్రదీపం పడగానే బారులు తీరే కార్లలో కొన్నింటి ఖరీదు పెడితే మన పల్లెల్లో ఒక వీధి వీధంతా ఇళ్లు కట్టుకోవచ్చు. ఆ వరుసలో అన్నింటికంటే ఖరీదైన కారును నడుపుతున్న యువకుడికి పిల్లనివ్వడానికి ఎంతమంది ముందుకు వస్తారు? తొందరపడి జవాబు చెప్పకండి. చాలాసార్లు అతను ఆ కారుకు డ్రైవరు. రాత్రి యజమానిని ఫిల్మ్‌నగర్‌లో దింపి, తాళాలు అప్పగించి, కృష్ణానగర్‌లోని ఒంటిగది అద్దె ఇంటికి బైకు మీద వెళ్లిపోతాడు. రోజుకు పది గంటలు ఆ కారు నడిపినా అతని పెళ్లి మాటల్లో దాని ఊసే రాదు.

కాబట్టి ‘మగవాడు నడిపే కారును బట్టి అమ్మాయిలు అతణ్ణి ఇష్టపడతారా’ అన్న ప్రశ్నను ముందు కొంచెం సరిచేసుకోవాలి. కారును చూసి దాని వెనక ఉన్న ఆస్తిని, ఉద్యోగాన్ని, పలుకుబడిని ఊహించుకుంటారు. ఇష్టమో అయిష్టమో ఆ ఊహ మీదే. ఆ ఊహ నిజమా కాదా అన్నది తర్వాత తేలుతుంది, ఒక్కోసారి పెళ్లయ్యాక తేలుతుంది.

మన విచారణల్లోని యువకులు ఈ మాట బాధతోనే అంటారు. డిగ్రీ చదివి, చిన్న ఉద్యోగం చేసుకుంటూ, పాత మోటారుసైకిలు మీద తిరిగే అబ్బాయి “ఈ కాలపు అమ్మాయిలకు కారూ, సొంత ఫ్లాటూ ఉంటేగాని కుదరదట, మమ్మల్ని ఎవరు చూస్తారు?” అంటాడు. అతని మాటను కొట్టిపారేయకండి. అందులో కొంత నిజముంది.

2010లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మైకేల్ డన్, రాబర్ట్ సెర్ల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే యువకుణ్ణి ఒకసారి ఖరీదైన బెంట్లీ కారులో, ఒకసారి మామూలు ఫోర్డ్ ఫియస్టాలో కూర్చోబెట్టి ఫోటోలు తీసి స్త్రీలకు చూపించారు. మనిషి అతనే, మొహం అదే. అయినా బెంట్లీలో ఉన్నప్పుడే ఎక్కువ ఆకర్షణీయంగా కనిపించాడు. ఒక యువతిని అలాగే కూర్చోబెట్టి మగవాళ్లకు చూపిస్తే కారు వల్ల తేడా ఏమీ రాలేదు. (మగవాళ్లు ఇది చదివి గర్వపడనక్కరలేదు. వాళ్లు కారును చూడలేదంటే మరి దేన్ని చూశారో మనకు తెలియనిది కాదు.) మరుసటి ఏడు, 2011లో, అమెరికా పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు. పోర్షే కొన్న యువకుడు, హోండా సివిక్ కొన్న యువకుడు – వీళ్లలో ఎవరు నచ్చుతారని స్త్రీలను అడిగారు. సరదాగా కలిసి తిరగడానికి, అంటే ఇప్పటి మాటలో డేటింగుకు, పోర్షే వాడు ఎక్కువ నచ్చాడు. పెళ్లి సంగతికి వచ్చేసరికి ఆ కారు అతనికి ఏ మేలూ చేయలేదు.

అంటే అక్కడి స్త్రీలు షికారుకు ఒక లెక్క, కాపురానికి ఒక లెక్క వేసుకున్నారు. మనకు చిక్కు వచ్చేది ఇక్కడే. మన ఇళ్లలో చాలామందికి ఆ రెండు లెక్కలూ ఒక్క సాయంత్రంలోనే తేలిపోవాలి. కాఫీ, మిక్స్చరు, రెండు మొహమాటపు ప్రశ్నలు, ‘పిల్లలు కాసేపు మాట్లాడుకోనివ్వండి’ అంటూ పెద్దలు వరండాలోకి వెళ్లడం – అంతా కలిపి గంట. ఆ గంటలో అబ్బాయి కోపిష్టో శాంతస్వభావుడో, తాగుతాడో లేదో, తల్లి మాట వింటూనే భార్య పక్షాన కూడా నిలబడగలడో లేదో ఎలా తెలుస్తుంది? తెలియదు. గుమ్మం ముందు ఆగిన కారు మాత్రం స్పష్టంగా కనబడుతుంది. కిటికీలోంచి పక్కింటివాళ్లకు కూడా కనబడుతుంది.

మరి ఫిల్మ్‌నగర్‌ను ఏమనాలి? బండరాళ్ల గుట్టల మధ్య అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పారు. తెలుగు సినిమా మద్రాసు వదిలి క్రమంగా ఈ కొండల మీదికి చేరింది. అప్పటినుంచి ఎన్ని సినిమాల్లో హీరో కారు తలుపు తెరుచుకుని ముందు బూటు, తర్వాత కళ్లజోడు కనబడ్డాయో లెక్కపెట్టలేం. మన కుర్రాళ్లకు మగతనమంటే ఏమిటో నేర్పిన బడుల్లో అదీ ఒకటి. అయితే ఆ పరిశ్రమే దీనికి ఎదురుమాట కూడా చెప్పింది. 1994లో వచ్చిన ‘శుభలగ్నం’లో సుఖాల మీద మోజుతో ఒక ఇల్లాలు భర్తనే కోటి రూపాయలకు వదులుకుంటుంది. ఆ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న తల్లులు మన మధ్య చాలామందే ఉన్నారు. 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’లో కథానాయకుడు సైకిలు మీద తిరుగుతాడు. చప్పట్లు కొట్టాం. కాని అతను కోట్లకు వారసుడని మనకు ముందే తెలుసు. సైకిలు తప్ప మరేదీ లేని కుర్రాడు అదే వీధిలో వెళ్తే మనం తల తిప్పి చూస్తామా? నాకు ఈ మూడింట్లో ఎక్కువ నచ్చింది 2016 నాటి ‘పెళ్ళి చూపులు’. అందులోనూ ఒక బండి ఉంది, కాని అది తిండి అమ్మే ట్రక్కు. ఆ అబ్బాయీ అమ్మాయీ ఒకరినొకరు తెలుసుకునేది దానిలో కలిసి పనిచేస్తూ, పోట్లాడుకుంటూ.

సినిమా సంగతి అలా ఉంచి మన ఇళ్లకు వద్దాం. ఒకప్పుడు అల్లుడికి చేతిగడియారం, సైకిలు. తర్వాత స్కూటరు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, అప్పటి ధర 47,500 రూపాయలు. మధ్యతరగతి మనిషి కూడా కారు గురించి కల కనవచ్చని నమ్మించిన బండి అది. కొన్నాళ్లకే ఆ కల పెళ్లిమాటల్లోకి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత 2008లో టాటావారు లక్ష రూపాయల నానో కారును చూపించారు. స్కూటరు మీద నలుగురు వెళ్లే కుటుంబానికి అది నిజంగా మేలు చేయవలసిన బండి. కాని ‘అన్నింటికంటే చవక కారు’ అన్న పేరు పడ్డాక దానిలో దిగడానికి జనం మొహమాటపడ్డారు. అలా ప్రచారం చేయడం పొరపాటేనని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. 2018తో దాని తయారీ ఆగిపోయింది. వానలో తడవకుండా ఉండటం కంటే నలుగురిలో చిన్నబోకుండా ఉండటమే మనకు ముఖ్యమైందన్నమాట.

ఇక అసలు విడ్డూరం చెబుతాను. ‘అబ్బాయికి కారుంది’ అని సంబరపడే మామగారే ఎన్నోచోట్ల ఆ కారుకు డబ్బు కట్టేది కూడా. నిశ్చితార్థం నాటికి కారు లేదు, పెళ్లినాటికి పూలదండలు వేసుకుని పందిరి ముందు నిలబడి ఉంటుంది. ‘మేమేమీ అడగలేదండీ, వాళ్ల అమ్మాయి ఎండలో తిరగకూడదని వాళ్లే ఇచ్చారు’ అంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే. కనీస శిక్ష అయిదేళ్ల జైలు. అడగకుండా ఆనవాయితీగా, తాహతుకు మించకుండా ఇచ్చే కానుకకు చట్టం మినహాయింపునిచ్చింది. మనమేమో ఆ సందులోంచి ఏకంగా కారునే నడిపించుకుపోతున్నాం. అప్పుడు ఆ అమ్మాయి ఎవరి కారును చూసి మెచ్చుకున్నట్టు? తన తండ్రి భవిష్యనిధిని, తల్లి గాజులను.

అందుకే కారును చూసే అమ్మాయిని ‘ఆశపోతు’ అని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఆమె అమ్మమ్మకు సొంత సంపాదన ఉండేది కాదు. కట్టుకున్నవాడి చేతిలో డబ్బు ఆడితేనే పొయ్యి వెలిగేది. అటువంటి ఇళ్లలో పెరిగిన స్త్రీ, మగవాడి నిలకడ ఎంతో కొలుచుకోవాలనుకోవడం అత్యాశ కాదు, బతుకు నేర్పిన జాగ్రత్త. తప్పు ఆమె చూపులో లేదు. చూడటానికి మనం ఆమెకు ఇంకేమీ మిగల్చకపోవడంలో ఉంది. అబ్బాయి గురించి అడగాల్సినవి అడిగితే ‘పొగరు’ అంటాం, అడగకపోతే ‘కారు చూసి పడిపోయింది’ అంటాం.

అబ్బాయిలకూ ఒక మాట. నగరంలో ఇప్పుడు గంటల లెక్కన కార్లు అద్దెకు దొరుకుతాయి. స్నేహితుడి కారు తెచ్చుకోవడం అంతకంటే సులువు. పెళ్లిచూపులకు, తొలి పరిచయానికి అలా వెళ్లి ‘మాదే’ అన్నట్టు ఊరుకుంటే అది అబద్ధం ఆడకుండా ఆడిన అబద్ధం. జ్ఞానవివాహంలో ఇద్దరి సమ్మతే వివాహాన్ని నిలబెడుతుందని శ్రీసభ నేర్పుతుంది. ఆ సమ్మతిని రాబట్టుకోవడానికి, దాంపత్యాన్నే తీవ్రంగా దెబ్బతీసే విషయంలో మోసం చేస్తే ఆ వివాహమే చెల్లదని 1983 నాటి శ్రీసభ చట్టంలోని 1098వ సూత్రం చెబుతోంది. అద్దె కారు ఒక్కదానికే అంత దూరం పోదు, నిజమే. కాని కారుతో మొదలుపెట్టినవాడు జీతం దగ్గర, అప్పుల దగ్గర ఆగుతాడని ఎవరు హామీ ఇస్తారు?

సొంత కారే అయినా దాని వెనక బ్యాంకు ఉండవచ్చు. ఏడేళ్ల దాకా వాయిదాలు కట్టే వీలుంది. అంటే పెళ్లినాడు మెరిసిన కారు పెద్దపిల్లను బడిలో వేసే నాటికి కూడా నెలనెలా జీతంలో కోత పెడుతుండవచ్చు. ఆ అప్పు తీర్చడంలో సగం బరువు ఆ అమ్మాయి మీదే పడుతుంది, ముఖ్యంగా ఆమెకూ ఉద్యోగం ఉంటే. కనుక తల్లులారా, ఈసారి మీ ఇంటికి పెళ్లివారు వచ్చినప్పుడు మీ అమ్మాయి తలెత్తి “కారు ఎవరి పేరున ఉందండీ, నెలకు వాయిదా ఎంత, ఇంకా ఎన్నేళ్లు కట్టాలి?” అని అడిగితే ఆమెను వంటింట్లోకి పిలిచి మందలించకండి. అబ్బాయి ఆ ప్రశ్నకు ఏమని జవాబిస్తాడో, ఎంత కోపం తెచ్చుకుంటాడో మీరూ పక్కనే కూర్చుని వినండి.